నిపుణుల నివేదికకూ మొక్కజొన్న ధరకూ ముడి – ఇథనాల్ లెక్కల పాఠం

మార్కెట్ యార్డులో మొక్కజొన్న ధర ఎందుకు పెరిగిందని అడిగితే వర్షాభావమనో, సరుకు రాక తగ్గిందనో, కోళ్ళ దాణా మిల్లులు కొనుగోళ్ళు పెంచాయనో సమాధానం వస్తుంది. యిటీవలి సంవత్సరాలలో యీ మూడింటికి నాల్గవ కారణం తోడయింది. అది పెట్రోలులో కలిపే ఇథనాల్. పెట్రోలులో దానిని ఎంత కలపాలి, ఏ పంటతో తయారు చేయాలి, ఏ ధరకు కొనాలి అన్నవి మార్కెట్ నిర్ణయించే విషయాలు కావు. ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ప్రభుత్వానికి నిపుణుల సంఘాలు దారి చూపుతాయి. కనుక రైతు గాని, కమీషన్ వ్యాపారి గాని, కోళ్ళ ఫారం యజమాని గాని యీ సంఘాల నివేదికలను చదవడం నేర్చుకోవడం అవసరం.

సంఘాల వరుస

మోటారు యింధనాల విధానంపై 2001లో ఆర్.ఏ. మషేల్కర్ అధ్యక్షతన నిపుణుల సంఘం ఏర్పడి 2002 ఆగస్టులో తుది నివేదిక సమర్పించింది. పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే పథకం 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాలలో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాలలో మొదలయింది. ఆ తొమ్మిదింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే చెరకు పంట దెబ్బతినడంతో మొలాసిస్ కరవై, 2004లో సరఫరా వున్న చోటనే కలపాలని నిబంధనను సడలించవలసి వచ్చింది.

ప్రణాళికా సంఘం నియమించిన జీవ యింధనాల కమిటీ 2003 ఏప్రిల్‌లో నివేదిక యిచ్చింది. బీడు భూములలో జట్రోఫా (అడవి ఆముదం) పెంచి, 2011–12 నాటికి డీజిలులో 20 శాతం జీవ డీజిలు కలపవచ్చునని అంచనా వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కానుగ మొక్కల పెంపకానికి కూడ ప్రోత్సాహం లభించింది. కాని నీరు, ఎరువు లేని నేలలో ఆశించిన దిగుబడి రాలేదు. 2006 జనవరి నుంచి ఆయిల్ కంపెనీలు లీటరు రూ. 26.50 చొప్పున కొంటామన్నా, తయారీ ఖర్చు అంతకు మించిపోయింది. మొక్క నాటినవారికి గింజకు కొనుగోలుదారు కనిపించలేదు. లక్ష్యం కాగితం మీదనే మిగిలింది.

ఇథనాల్ ధరపై 2010లో సౌమిత్ర చౌధురి సంఘం ఏర్పడింది. అప్పటికి తాత్కాలిక ధర లీటరుకు రూ. 27. చివరకు 2014 డిసెంబరులో ప్రభుత్వం నిర్ణీత ధర పద్ధతిని మళ్ళీ అమలు చేసి, దూరాన్ని బట్టి రూ. 48.50 నుంచి రూ. 49.50 వరకు చెల్లించసాగింది. 2013–14లో సరఫరా అయినది 38 కోట్ల లీటర్లు. పెట్రోలులో దాని పాలు 1.53 శాతం మాత్రమే. ధర ఖాయం కావడంతో సరఫరా పుంజుకొన్నది.

2021 నివేదిక ఏం చెప్పింది?

నీతి ఆయోగ్ అదనపు కార్యదర్శి అధ్యక్షతన నియమించిన నిపుణుల సంఘం నివేదిక 2021 జూన్‌లో విడుదలయింది. 20 శాతం మిశ్రమానికి 2025–26లో 1,016 కోట్ల లీటర్లు కావాలని అది లెక్కగట్టింది. యిందులో చెరకు నుంచి 550 కోట్లు, ధాన్యాల నుంచి 466 కోట్లు. యీ రెండవ అంకె దగ్గరనే యార్డు వర్తకుడు ఆగి చూడాలి.

నివేదిక ప్రకారమే టన్ను మొక్కజొన్న నుంచి 380 లీటర్లు, ఎఫ్.సి.ఐ. బియ్యం నుంచి 450 లీటర్లు, నూకలు, పాడైన ధాన్యం నుంచి 400 లీటర్లు వస్తాయి. 466 కోట్ల లీటర్లనూ మొక్కజొన్నతోనే తీయదలిస్తే సుమారు 122 లక్షల టన్నులు కావాలి. దేశంలో 2022–23 మొక్కజొన్న ఉత్పత్తి సుమారు 380 లక్షల టన్నులు. అంటే దాదాపు మూడో వంతు. ఏదైనా ఒక పంటలో మూడో వంతుకు కొత్త కొనుగోలుదారు వస్తే పాత కొనుగోలుదారులకు యిబ్బంది తప్పదు. 2024లో మన దేశం మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి మొక్కజొన్న తెప్పించుకొన్నది.

క్వింటాలు లెక్క

2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్ ధరను లీటరుకు రూ. 71.86గా ప్రభుత్వం నిర్ణయించింది. క్వింటాలుకు 38 లీటర్లు గనుక రాబడి రూ. 2,730 పైచిలుకు. మద్దతు ధర 2023–24లో రూ. 2,090, 2024–25లో రూ. 2,225, 2025–26లో రూ. 2,400. ఇథనాల్ ధర కదలక, సరుకును మద్దతు ధరకే కొన్నారనుకొంటే, మిల్లుకు క్వింటాలుపై మిగిలేది వరుసగా రూ. 640, రూ. 505, రూ. 330. బొగ్గు, కరెంటు, ఎంజైములు, జీతాలు, బ్యాంకు వడ్డీ యిందులోంచే పోవాలి. వీటికి తోడు క్వింటాలుకు సుమారు 30 కిలోల పిప్పి మిగులుతుంది. దీనినే దాణా వ్యాపారులు డి.డి.జి.ఎస్. అంటారు. దాని అమ్మకం మిల్లుకు ఆసరా.

యీ లెక్కను బట్టి, ఇథనాల్ మిల్లు ధరను ఎంతవరకు పెంచగలదో తెలుస్తుంది. రూ. 2,600 దాటితే మిల్లుకు పిప్పి తప్ప మిగిలేది స్వల్పం. అప్పుడు మిల్లు వేరే సరుకు వైపు చూస్తుంది. 2025 జనవరిలో ఇథనాల్ కొరకు ఎఫ్.సి.ఐ. బియ్యం ధరను క్వింటాలుకు రూ. 2,800 నుంచి రూ. 2,250కి తగ్గించారు. 45 లీటర్లకు రూ. 58.50 చొప్పున రాబడి రూ. 2,632. ఖర్చులకు ముందు రూ. 382 మిగులుతుంది. ఢిల్లీలో బియ్యం ధర తగ్గితే యార్డులో మొక్కజొన్న గిరాకీ తగ్గడానికి కారణం యిదే.

లాభనష్టాలు అందరికీ ఒకే తీరున లేవు. మొక్కజొన్న రైతుకు గిరాకీ పెరిగింది. తెలుగు రాష్ట్రాలలో విస్తారంగా వున్న కోళ్ళ ఫారాలకు దాణా ఖర్చు పెరిగింది. చౌకగా వచ్చే పిప్పి సోయా చెక్కకు పోటీ కావడంతో సోయా రైతు నష్టపోయాడు. 2024–25లో సోయా మద్దతు ధర రూ. 4,892 కాగా, అనేక యార్డులలో అంతకన్న తక్కువకే అమ్ముడుపోయింది.

నిల్వలు, రవాణా

ఇథనాల్‌కు నీటిని పీల్చుకొనే గుణం వుంది. అందుచేత పెట్రోలు పోయే పైపులైన్లలో దానిని పంపరు. టాంకర్లలో డిపోలకు చేర్చి, అక్కడ కలుపుతారు. 15 రోజుల నిల్వ వుండాలన్నది సంఘం లెక్క. 1,016 కోట్ల లీటర్లకు రోజుకు సుమారు 2.8 కోట్ల లీటర్లు, 15 రోజులకు దాదాపు 42 కోట్ల లీటర్ల టాంకులు అవసరం. చెరకు లేని రాష్ట్రాలకు సరుకు చాలా దూరం పోవాలి. ధాన్యం ఆధారిత మిల్లులను దేశమంతటా ప్రోత్సహించడానికి గల కారణాలలో యిది ఒకటి.

నివేదిక వేరు, ఉత్తర్వు వేరు

సంఘం సలహా మాత్రమే యిస్తుంది. ఉత్తర్వు అందుకు భిన్నంగా వుండవచ్చు, మధ్యలో మారవచ్చు. 2023 జూలైలో ఎఫ్.సి.ఐ. బియ్యం సరఫరా నిలిచిపోయింది. అదే సంవత్సరం డిసెంబరు 7న చెరకు రసంతో ఇథనాల్ తీయరాదని ఆదేశించి, వారం రోజులకు 17 లక్షల టన్నుల పంచదార మళ్ళింపు పరిమితితో సడలించారు. 2024 ఆగస్టులో ఆ ఆంక్షలను తొలగించారు. బియ్యం, చెరకు రసం అందని ఆ సంవత్సరంలోనే మిల్లులు మొక్కజొన్న మీద పడ్డాయి.

వాహనదారుల విషయమూ అంతే. 10 శాతం మిశ్రమానికి సర్దిన పాత కార్లలో 20 శాతం మిశ్రమం వాడితే 6–7 శాతం, ద్విచక్ర వాహనాలలో 3–4 శాతం మైలేజి తగ్గవచ్చునని సంఘమే చెప్పింది. పాత వాహనాలకు 10 శాతం మిశ్రమం అందుబాటులో వుంచాలని, వినియోగదారునికి ధరలో కొంత వూరట కల్పించాలని సూచించింది. 2025లో మిశ్రమం 20 శాతానికి చేరింది గాని ధర తగ్గలేదు. సంఘం లెక్క వేసిన నాటికి ఇథనాల్ పెట్రోలుకన్న చౌక; 2024–25లో సగటు కొనుగోలు ఖర్చు పన్ను, రవాణాతో కలిపి లీటరుకు రూ. 71.32కు చేరిందని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో తెలిపింది. సిఫారసు ఏ ధరల మీద ఆధారపడిందో ఆ ధరలు మారితే సిఫారసు అర్థం కూడ మారుతుంది.

నీటి విషయం మరొకటి. చెరకుతో తీసే లీటరు ఇథనాల్‌కు సుమారు 2,860 లీటర్ల నీరు ఖర్చవుతుందని నివేదికలోనే వుంది. ధాన్యం మిల్లులకు నీటి వాడకం తక్కువే అయినా, కాలుష్య భయం వల్ల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో గ్రామస్థులు ఆందోళన చేయగా 2024 నవంబరులో అక్కడ ఫ్యాక్టరీ పని నిలిచిపోయింది. సంఘంలో అధికారులు, శాస్త్రజ్ఞులు వుంటారు. వూరివారి అభ్యంతరం మాత్రం పని మొదలైన తర్వాతనే వినిపిస్తున్నది.

గుర్తుంచుకోవలసినవి

ఒకటి: నివేదికలోని శాతాన్ని కాక, దానికి కావలసిన టన్నులను లెక్క వేయాలి. రెండు: టన్నులు ఎక్కడి నుంచి వస్తాయో చూడాలి. దిగుబడి, కొనుగోలు ధర ఖాయం కాని లక్ష్యానికి జట్రోఫా గతి పడుతుంది. మూడు: మొక్కజొన్న సాగుకు దిగేముందు ఇథనాల్ ధరతో పాటు ఎఫ్.సి.ఐ. బియ్యం ధరను, చెరకు రసంపై ఆంక్షలను కూడ గమనించాలి. నాలుగు: మిల్లు కట్టగలిగిన గరిష్ఠ ధర ఎంతో లెక్క తెలిసిన రైతు, అంతకు మించిన ధర కొరకు సరుకును గోదాములో ఆపుకోడు.