ఉపవాసము - జిహ్వ

ఏకాదశినాడు అన్నము మానినకొలదియు పులిహోర, దధ్యోదనములే మనస్సున మెదలుచున్నవని గృహస్థులు కొందఱు సిగ్గుతో చెప్పుదురు. సిగ్గుపడనక్కఱలేదు. శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధము 8వ అధ్యాయమున అవధూత యదుమహారాజునకు చెప్పినది ఇదియే: నిరాహారునకు తక్కిన ఇంద్రియములు లొంగును, రసన మాత్రము విజృంభించును. అన్నము మాని పిండివంటలతో ఫలహారము చేయువారము (మా యింటను ఇది కలదు) జిహ్వను జయించితిమా, దానికి పండుగ చేసితిమా?

అట్లని ఆహారము శత్రువు కాదు. ఛాందోగ్యమున శ్వేతకేతువు తండ్రియగు ఉద్దాలకుని ఆజ్ఞచే 15 దినములు నీరు మాత్రమే త్రాగెను. నేర్చిన వేదము ఒక్కటియు తోపలేదు. భుజించిన పిమ్మట అంతయు స్ఫురించెను. మనస్సు అన్నమయమని తండ్రి చూపినది ఇట్లు. మిక్కిలి కారము, పులుపు, ఉప్పు దుఃఖమును, రోగమును కలిగించునని గీత 17వ అధ్యాయమున కలదు. ఉపవాసానంతరము జిహ్వ మఱింత ఆతురపడును. అందులకే కాబోలు, ద్వాదశి పారణకు చింతపండు విడిచి అవిసె ఆకుకూర, ఉసిరిక వడ్డించు వాడుక శ్రీవైష్ణవ గృహములలో ఏర్పడినది.