అర సెకనులో ఎటు తిరగాలి?

క్రికెట్‌లో బంతి సాధారణంగా నేలను తాకి లేచి వస్తుంది. అమెరికా పిల్లలు ఆడే బేస్‌బాల్‌లో అలా కాదు. పిచ్చర్ బంతిని నేల తగలకుండా నేరుగా బ్యాటరు దగ్గరికి విసురుతాడు. కొన్నిసార్లు కావాలనే ఒంటికి దగ్గరగా వేస్తాడు. అలాంటి బంతి బ్యాటు సన్నని భాగానికి తగిలి దూరం పోదు. ఎత్తు మంచిదే, తప్పూ కాదు. కాని పన్నెండేళ్ల చేతికి గురి ఇంకా కుదరదు. జానెడు తప్పితే బంతి బ్యాటరుకే తగులుతుంది. అందుకు అతనికి మొదటి బేస్ ఊరికే ఇస్తారు. దెబ్బ మాత్రం దెబ్బే.

లెక్క వేద్దాం. పన్నెండేళ్ల వారి ‘లిటిల్ లీగ్’ మైదానంలో పిచ్చర్‌కూ హోమ్ ప్లేటుకూ దూరం 46 అడుగులు, అంటే 14 మీటర్లు. గంటకు 60 మైళ్ల బంతి సెకనుకు సుమారు 27 మీటర్లు పోతుంది. 14ను 27తో భాగించండి. అర సెకను! కన్ను చూసి కండరం కదలడానికే 0.2 సెకను పడుతుంది. (నమ్మకపోతే స్నేహితుణ్ణి స్కేలు నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదలమనండి. మీరు పట్టుకునేలోగా 20 సెంటీమీటర్లు జారితే 0.2 సెకను అన్నమాట.) అంతలో బంతి 5 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. ఆలోచించి తప్పుకునే వ్యవధి ఎక్కడ? అందుకే మెత్తని బంతులతో ముందే అలవాటు చేయిస్తారు.

భయపడిన పిల్లవాడు పిచ్చర్ వైపే తిరుగుతాడు. ముఖం, ఛాతీ బంతికి ఎదురవుతాయి. అలా కాక, ముందు భుజాన్ని వెనుక కూర్చున్న క్యాచర్ వైపు తిప్పి, వీపు పిచ్చర్‌కు చూపి, గడ్డం ఛాతీకి ఆనించాలి. వీపు కండ నొక్కుకుపోతుంది. బంతి ఆగడానికి ఎక్కువ సమయం పడుతుంది. న్యూటన్ రెండవ నియమం గుర్తుందా? ద్రవ్యవేగం మార్పు అంతే ఉండి, కాలం రెట్టింపయితే సగటు బలం సగమవుతుంది. హెల్మెట్ లోపలి మెత్త చేసే పనీ ఇదే. 1920 ఆగస్టు 16న న్యూయార్క్‌లో రే చాప్‌మన్ తలకు బంతి తగిలింది, మర్నాడు చనిపోయాడు. అప్పట్లో హెల్మెట్లు వాడేవారు కారు. మేజర్ లీగుల్లో అవి తప్పనిసరి అయింది 1971లో.

ఛాతీ దెబ్బ సంగతి వేరు. గుండె ప్రతి స్పందనలో సెకనులో యాభయ్యో వంతు పాటు ఒక బలహీన క్షణం ఉంటుంది. సరిగ్గా అప్పుడే బంతి గుండె మీద తగిలితే, ఎముక విరగకపోయినా జఠరికలు లయ తప్పి వణుకుతాయి. రక్తం పంపు కాదు. పిల్లల ఛాతీ పెద్దవారి ఛాతీ కంటే మెత్తన, కాబట్టి ముప్పు వారికే ఎక్కువ. ఇది అరుదు. కాని దెబ్బ తిని కుప్పకూలిన పిల్లవాణ్ణి నీళ్లు చల్లి లేపబోతూ కూర్చోకూడదు. ఒకరు వెంటనే ఛాతీని లయగా నొక్కుతుండాలి, మరొకరు డీఫిబ్రిలేటర్ కోసం పరుగెత్తాలి.