ఆఖరున పూసిన మొక్క

చిరంజీవి అమ్మడికి,

రైల్వే క్వార్టర్ వెనక పెరడు కూడా ఉందని రాశావు, సంతోషం. కొత్తిమీర వేస్తే జానెడు ఎదగకుండానే పూతకొచ్చేసిందనీ, తప్పెక్కడుందనీ అడిగావు. తప్పు నీ చేతిది కాదు, నెలది. మార్చిలో చల్లావు కదా! పగలు పొడవై, ఎండ ముదిరితే కొత్తిమీర ఆకు మానేసి గింజ కోసం తొందరపడుతుంది. బిలాస్‌పూర్ ఎండ సంగతి మే నెలలో నీకే తెలుస్తుంది.

దసరా వెళ్లాక, వానతడి ఆరాక, మొదలుపెట్టు. అక్కడ నవంబరు నుంచి జనవరి దాకా ఉండే చలి దీనికి సరిగ్గా సరిపోతుంది. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు లైను కలిశాక అటువైపు మన తెలుగువాళ్ల రాకపోకలు సులువయ్యాయి. ఎక్కడ క్వార్టర్ ఇచ్చినా పెరట్లో ముందు పడేది కొత్తిమీర మడే. అక్కడి ఛత్తీస్‌గఢ్ వాళ్లకి కూడా పెరడంటే ప్రాణం, దాన్ని బాడీ అంటారు. వాళ్ల పతాల్ చట్నీ, అంటే టమాటా పచ్చడి, కొత్తిమీర లేనిదే పూర్తవదు.

ముందు మన్ను చూసుకో. అక్కడ కన్హార్ అనే నల్లమన్ను అయితే నీరు పట్టి ఉంచేస్తుంది, కాబట్టి మడి కాస్త ఎత్తు చెయ్యి. భాటా అనే ఎర్ర గులకల నేల అయితే పోసిన నీరు పోసినట్టే జారిపోతుంది, బాగా చివికిన గత్తం ఎక్కువ కలుపు.

ధనియాలు మీ ఊరి బుధవారీ బజార్లో కొత్త పంటవి అడిగి తీసుకో. డబ్బాలో ఏళ్లనాటివి మొలవవు. ఒక్కో ధనియం నిజానికి రెండు గింజలు. పీట మీద పోసి చెక్కతో మెల్లగా రాస్తే రెండుగా విడిపోతాయి. నలిపి పిండి చెయ్యకు. రాత్రంతా నానబెట్టి, అరంగుళం లోతున వరసల్లో వెయ్యి. వారం పదిరోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఏమీ కనబడదు. తవ్వి చూడకు. నారు పీకి మరోచోట నాటకు, తల్లివేరు నలిగితే మొక్క మళ్లీ పూతకే పరిగెడుతుంది. అంతా ఒకేసారి చల్లెయ్యక, పదిహేను రోజులకో వరస చొప్పున జనవరి దాకా వేస్తూ ఉండు.

ఇక అసలు సంగతి. కొత్త ఆకులు సన్నగా, దారాల్లా వస్తున్నాయంటే పువ్వుకాడ లేస్తోందని గుర్తు. అన్నిటికంటే ముందు లేచిన మొక్కల్ని పూతకి రానివ్వకుండా పీకి కూరలో వేసెయ్యి. జనం సరిగ్గా వీటి గింజే దాచుకుంటారు, ముందు పండుతుంది కదా అని. అలా ఏటా చేస్తే త్వరగా పూసే రకాన్నే మనం పెంచుకున్నట్టు. చివరిదాకా ఆకునిచ్చి, ఆఖరున పూసిన నాలుగు మొక్కల్ని విత్తనానికి వదులు. తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి కాబట్టి, తొందరపాటు మొక్క ఒక్కటి కూడా వాటి పక్కన పూయకూడదు. ధనియాల కోసమే పండించేవాళ్ల లెక్క వేరనుకో. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం సాధన, స్వాతి లాంటి రకాల్ని గింజ కోసమే తెచ్చింది. నల్లరేగడిలో వానాకాలపు తేమతోనే పండుతాయి.

పూతమీద పేనుబంక పడితే మందు కొట్టకు. ఆ పువ్వుల కోసం వచ్చే చిన్న చారల ఈగల పిల్లపురుగులే దాన్ని తినేస్తాయి. మరీ ఎక్కువైతే సాయంత్రం పూట వేపనూనె నీళ్లు చల్లు.

పచ్చి గింజ నలిపితే నల్లిపురుగు వాసన వేస్తుంది, కంగారుపడకు. ఎండేకొద్దీ అది పోయి ధనియాల పరిమళం వస్తుంది. పచ్చిగింజలు రెండు చారులో దంచి వేసి చూడు. గుత్తులు సగం పసుపు తిరిగాక పొద్దున్నే కోసి, నీడన తలకిందులుగా కట్టు, కింద పాత పేపరు పరుచు. బాగా ఎండాక సీసాలో పోసి, ఏ సంవత్సరం గింజో పైన రాసి, వంటింటి డబ్బాలకి దూరంగా పెట్టు. లేకపోతే సాంబారు పొడిలోకి వెళ్లిపోతాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ