అక్క యాదిమరుపు

సిరిసిల్ల

శ్రీనూ,

షార్జా నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్న. అమ్మ మెదడుల అమిలాయిడ్ పేరుకున్నదట, దాన్ని కరిగించే ఇంజెక్షన్ వచ్చిందట, అప్పు చేసైనా తెప్పిస్త అంటున్నవు. ఆగు అల్లుడా. ఫోన్ల చెప్తే నువ్వు ఏడుస్తవు, నేను తడబడ్త. అందుకే రాస్తున్న.

అమిలాయిడ్ బయటి నుంచి వచ్చిన విషం కాదు. మెదడు కణాల పొరల ఉండే పెద్ద ప్రొటీన్‌ను ఎంజైములు కత్తిరిస్తే రాలే ముక్క; 40, 42 అమైనో ఆమ్లాల పొడవు. నీకూ నాకూ రోజూ రాలుతది, రోజూ కొట్టుకపోతది. కొందరికి అది పోక, ముక్కకు ముక్క అంటుకొని గడ్డకడ్తది. 1906ల అల్జీమర్ అనే జర్మన్ డాక్టర్ చెప్పిన గడ్డలు ఇవే. కణాల లోపల పోగులు చిక్కుపడుడు కూడ ఆయన చూసిండు. ఆ చిక్కు టావ్ అనే ఇంకో ప్రొటీన్‌ది. మరుపు ఎంత ముదిరిందో గడ్డలకంటే ఆ చిక్కే ఎక్కువ చెప్తది. గడ్డలుండి కూడ మతి మంచిగున్న ముసలోళ్లు ఉన్నరు.

మన బట్ట నేసే సాంచల షెడ్డు యాదున్నదా? మూలల పీచు ఊడ్చినంత మాత్రాన తెగిన పోగు అతికేదా? గడ్డలు మరుపుకు 15, 20 ఏండ్ల ముందే మొదలైతయి. లెకానెమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2023ల అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. 1,795 మందిని 18 నెలలు చూసిన్రు. జబ్బును కొలిచే 18 పాయింట్ల కొలతల, మందు పడ్డోళ్లకూ పడనోళ్లకూ తేడా 0.45. జబ్బు ఆగలేదు, కొంచెం నిదానమైంది. అదీ తొలిదశ వాళ్లకే. ఎనిమిది మందిల ఒకరికి స్కాన్‌ల మెదడు వాపు కనబడ్డది. రక్తం పలచబడే గోలీలు మింగేటోళ్లకు మెదడుల రక్తస్రావం భయం ఇంకా ఎక్కువ. అక్క అవి ఏండ్ల సంది మింగుతున్నది.

అసలు అక్కకు అమిలాయిడ్ ఉన్నదని ఎవరన్నరు? దాన్ని చూపే స్కానే తీయలేదు. పోయిన మంగళవారం జగిత్యాల తీస్కపోయి, మరుపుకు వేరే కారణం ఉన్నదేమోనని బి12, థైరాయిడ్‌కు రక్తం ఇప్పించిన. చెవులు చూపియ్యాలె. వినబడక చెప్పకపోయినా మనం మరిచిపోయిందనే అనుకుంటం.

ఇంకో మాట. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్‌ల 648 మంది రోగులను చూసి 2013ల రాసింది: రెండు భాషలు మాట్లాడేటోళ్లకు మతిమరుపు జబ్బు (డిమెన్షియా) 4.5 ఏండ్లు ఆలస్యంగ బయటపడ్డదట, బడికి పోనోళ్లకు సుత. కోరుట్లల పక్కింటోళ్లతోని ఉర్దూ, భీవండిల ఉన్నన్నాళ్లు మరాఠీ... అక్క ఏ బడికి పోయింది? ఆలస్యమే గని అడ్డం కాదు, అదీ నిజమే.

నిన్న నన్ను నాయిన పేరుతో పిలిచింది. నేను సరిదిద్దలేదు. ఒళ్లె బీడీల చాట పెట్టి తునికాకు ఇచ్చిన. కత్తెర పట్టి, కొలత తప్పకుండ ఆకు కత్తిరించింది.

పొద్దుగూకినంక ఫోన్ చెయ్యకు, అప్పుడు పరేషాన్ అయితది. నీకు పొద్దుగాల ఎనిమిదిన్నర అయినప్పుడు ఇక్కడ పది. ఆ యాల్లకు చెయ్యి. "నేనెవర్నో చెప్పు" అని అడగకు. "అమ్మా, నేను శ్రీనును" అను.

మీ మామ