అర్జీలో తప్పెన్ను ఆంగ్ల పదములు

గ్రామములలో ఆంగ్లము చదివిన యువకునిచే అర్జీ వ్రాయించుకొనుట పరిపాటి. అర్జీ అనగా ఏదో యొక లోపమును ఎత్తి చూపునదే. తెలుగున "తప్పు పట్టుట" అను ఒక్క మాటతో గడచిపోవు చోట ఆంగ్లమున నాలుగైదు పదములు కలవు. వాని బరువు ఒక్కటి కాదు. అది యెరుగక వ్రాసిన అర్జీ ఒక్కొక్కప్పుడు అర్జీదారునకే చేటు తెచ్చును. కావున ముఖ్యమైన వానిని కొన్నింటిని పరిశీలింతము.

"కంప్లెయింట్" అనగా మన కష్టమును దానిని తీర్పగల వారికి తెలుపుట. "కంప్లెయిన్" అని వ్రాసినపుడు అధికారికి ముందు "టు" అనియు, విషయమునకు ముందు "అబౌట్" అనియు చేర్చవలెను.

"అబ్జెక్షన్" అనగా ఆక్షేపణ. జరుగబోవు పనికి అడ్డు చెప్పుట. 2013 నాటి భూసేకరణ చట్టము 15వ విభాగము ప్రకారము ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలోగా పెట్టుకొనవలసినది ఇదియే.

"బ్లేమ్" అనగా చెడు ఫలితమునకు ఒకరిని బాధ్యునిగా చెప్పుట. అతడు బుద్ధిపూర్వకముగా చేసెనని దీని అర్థము కాదు. మనవారు "హి బ్లేమ్డ్ ఆన్ మి" అని వ్రాయుచుందురు. "హి బ్లేమ్డ్ మి" అనిన చాలును.

"అక్యూజ్" అనగా తప్పుడు పనిని గాని, నేరమును గాని మోపుట. దీని తరువాత "ఆఫ్" రావలెను. ఆధారము లేనిదే ఈ మాట వాడరాదు.

"తిట్టెను" అనుటకు మనము "స్కోల్డెడ్" అందుము. అది పెద్దలు పిల్లలను మందలించునట్టిది. గుమాస్తా మర్యాద తప్పి మాటాడిన "రూడ్" అనవలెను. బూతులాడినచో "అబ్యూజ్డ్" అనవలెను.

ఒక ఉదాహరణము. ఒక రైతు పాసుపుస్తకములో 2 ఎకరములకు బదులు 1 ఎకరము పడినదనుకొందము. అర్జీలో "ఎర్రర్" అని వ్రాసిన, పొరపాటును దిద్దుమని కోరినట్లగును. "ఫోర్జరీ" అని వ్రాసిన, దొంగపత్రము సృష్టించిరని నేరము మోపినట్లగును. అపుడు విచారణ ఆ నేరము చుట్టును తిరుగును. ఎకరము మాట వెనుకబడును.

అట్లని నిజమును దాచుమని మేము చెప్పుట లేదు. లంచ మడిగిన "డిమాండెడ్ ఎ బ్రైబ్" అనియే వ్రాయవలెను. తేది, స్థలము, మొత్తము దానితో చేర్చవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 356వ విభాగము పరువునష్టమును నేరముగా చెప్పుచునే, అధికారము గల వారికి సద్బుద్ధితో చేసిన ఫిర్యాదును మినహాయించినది. కాని అబద్ధమని తెలిసియు, ఒకరికి హాని చేయుటకై ప్రభుత్వోద్యోగికి సమాచార మిచ్చుట 217వ విభాగము క్రింద శిక్షార్హము.

కావున మొదట జరిగినది వ్రాయుడు. పిదప కోరునది వ్రాయుడు. నిందాపదమును ఆధారమున్న మేరకే వాడుడు. ఆంగ్లపదము సందేహముగా నున్నచో తెలుగుననే వ్రాయుడు. రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కును మన రాజ్యాంగము 350వ అధికరణము ప్రతివానికిని ఇచ్చినది.