కంఠంలోని కావలి

‘కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు’ అనే మాట మన ఇళ్లలో తరచు వినిపిస్తుంది. ఇచ్చిన మాట తప్పనని చెప్పేవారు అంటారు. బిడ్డను విడవనని చెప్పే తల్లీ అంటుంది. మరణానికి చేరువైన వానిని పాత గ్రంథాలు ‘కంఠగతప్రాణుడు’ అన్నాయి. ప్రాణం కంఠంలోనే ఎందుకు ఉండాలి అని అడిగితే కవి ఏమి చెబుతాడో గాని, శరీరశాస్త్రం తెలిసినవారు మాత్రం మెడలో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు చోట్లను వేలితో చూపించగలరు.

గుటక వేసినప్పుడు పైకీ కిందికీ కదిలే ముడి మెడ ముందుభాగంలో చేతికి తగులుతుంది. దాని పక్కనుంచి వేలిని కొంచెం వెనక్కు జరిపి మెల్లగా ఆనిస్తే రక్తనాళం కొట్టుకోవటం తెలుస్తుంది. అది కెరోటిడ్ ధమని. తెలుగులో దీనిని గ్రీవ ధమని అని కూడా రాస్తారు. గ్రీవం అంటే మెడ. ఒకసారి ఒకవైపే తాకి చూడాలి. రెండువైపులా ఒక్కసారే నొక్కకూడదు. ఈ హెచ్చరిక ఆ ధమని పేరులోనే దాగి ఉంది. మైకం కమ్మించటం అనే అర్థం గల గ్రీకు మాట నుంచి కెరోటిడ్ అనే పేరు వచ్చింది. ఈ నాళాలను అదిమితే మనిషికి స్పృహ తప్పుతుందని ప్రాచీన గ్రీకులు ఎరుగుదురు.

రెండు ధమనుల పుట్టుక ఒకే తీరుగా ఉండదు. ఎడమది గుండె నుంచి వచ్చే మహాధమని వంపులో నేరుగా మొదలవుతుంది. కుడిది కుడిచేతికి పోయే ధమనితో కలిసి ఒకే కాండంగా బయలుదేరి, తరువాత విడిపోతుంది. మెడలో పైకి పోయాక ఒక్కొక్కటి రెండుగా చీలుతుంది. వెలుపలి శాఖ ముఖానికి, నాలుకకు, నెత్తిమీది చర్మానికి రక్తాన్ని పంచుతుంది. లోపలి శాఖ మెడలో ఎవరికీ ఏమీ ఇవ్వకుండా నేరుగా పుర్రెలోకి పోయి, కంటికి, మెదడుకు రక్తం అందిస్తుంది. మెదడు బరువు శరీరం బరువులో నూటికి 2 వంతులే. అది వాడుకొనే ఆక్సిజన్ మాత్రం నూటికి 20 వంతులు. ఈ అవసరంలో పెద్దభాగం తీర్చేవి లోపలి కెరోటిడ్ శాఖలే. వెన్నుపూసల పక్కగా పైకి పోయే మరి రెండు ధమనులు వీటికి తోడుంటాయి.

ధమని చీలే చోట, ఆ చీలిక సందులో, బియ్యపు గింజంత కణజాలం ఒకటి ఉంది. దానిపేరు కెరోటిడ్ దేహం. గింజంతదే అయినా, బరువుతో పోల్చి చూస్తే శరీరంలో దానికి పారినంత రక్తం మరే భాగానికీ పారదు. అంత రక్తం దానికి ఆహారం కోసం కాదు, పరీక్ష కోసం. రక్తంలో ఆక్సిజన్ పీడనం తగ్గినా, కార్బన్ డై ఆక్సైడ్ గాని ఆమ్లగుణం గాని పెరిగినా, అందులోని కణాలు కనిపెడతాయి. ఆ కబురు తొమ్మిదవ కపాల నాడి అయిన జిహ్వాగ్రసని నాడి ద్వారా మెదడు అడుగున ఉన్న మజ్జాముఖానికి చేరుతుంది. వెంటనే శ్వాస వేగం పెరుగుతుంది. దీని పక్కనే ధమని కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు గోడలో రక్తపు ఒత్తిడిని కొలిచే నరాల కొనలు ఉన్నాయి. కొందరు వృద్ధులకు చొక్కా కాలరు బిగువైతే కళ్లు తిరగటం ఆ కొనలు అదుముకోవటం వల్లనే.

ఈ గింజను 18వ శతాబ్దంలోనే గుర్తించినా, చాలాకాలం దానిని ఒక గ్రంథి అనుకొన్నారు. 1920ల చివర స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు ఫెర్నాండో ద కాస్ట్రో దాని నరాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఇది రక్తాన్ని రుచి చూచే అవయవమని భావించాడు. బెల్జియంలోని ఘెంట్ నగరంలో కార్నీల్ హేమన్స్ ఆ పనిని ప్రయోగాలతో నిరూపించాడు. కుక్క మెడలోని ఆ భాగానికి నరాలను ఉంచి, రక్తాన్ని మాత్రం వేరే మార్గంలో పారించాడు. ఆ రక్తంలో ఆక్సిజన్ తగ్గించగానే కుక్క వేగంగా ఊపిరి తీసింది. హేమన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. దారి చూపిన ద కాస్ట్రో పేరు మాత్రం చాలా పుస్తకాలలో కనిపించదు. అది న్యాయం కాదు.

సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న కేదారనాథ్‌కు పోయిన యాత్రికులు నాలుగడుగులకే ఆయాసపడతారు. గాలి పలచబడిందని వారికంటె ముందు ఈ కావలివాడు గుర్తించి ఊపిరిని తొందరపెడతాడు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో 4,000 మీటర్లకు పైన తరతరాలుగా కాపురమున్నవారిలో ఈ గింజ పెద్దదై ఉంటుంది. అక్కడివారిలో దీనికి కంతి లేవటం కూడా ఎక్కువ. ఆ కంతి నొప్పి లేకుండా, సంవత్సరాల తరబడి మెల్లగా పెరుగుతుంది. వేళ్లతో పట్టుకొంటే పక్కలకు కదులుతుంది గాని పైకీ కిందికీ కదలదు. కొన్ని కుటుంబాలలో ఇది వంశపారంపర్యంగా వస్తుంది.

ఇంత జాగ్రత్తగల కావలివానికీ కనిపించనివి ఉన్నాయి. చలికాలంలో తలుపులు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినవారు తెల్లవారేసరికి మరణించిన వార్తలు పత్రికలలో వస్తుంటాయి. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్రమించి ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. అయినా రక్తద్రవంలో కరిగిన ఆక్సిజన్ పీడనం తగ్గదు. కావలివాడు కొలిచేది ఆ పీడనాన్నే. అందువల్ల అతడు కేక వేయడు, నిద్రించేవానికి ఆయాసం రాదు, మెలకువ రాదు.

రెండవది అతని గుమ్మంలోనే జరుగుతుంది. ధమని చీలే చోట రక్తప్రవాహం సుడి తిరిగి మందగిస్తుంది. కాలువ చీలే చోట ఒండ్రు మేట వేసినట్లు అక్కడ కొవ్వు పేరుకొంటుంది. పొగతాగటం, రక్తపోటు, మధుమేహం దీనిని త్వరపరుస్తాయి. ఆ మేట నుంచి ఒక తునక ఊడి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. కొందరికి ముందుగా ఒక సూచన కనిపిస్తుంది: ఒక కంటికి తెర దించినట్లు చీకటి కమ్మటం, ఒక చెయ్యి పట్టు తప్పటం, మూతి వంకర పోవటం, మాట తడబడటం. పది నిమిషాలలో అంతా సర్దుకొంటుంది. గాలి సోకిందని పసరు తాగించి, పావురం నెత్తురు పూసి, ఇక తగ్గిందని ఊరకుంటారు. అసలు ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ తరువాతి రెండురోజులలోనే. తగ్గకుండా నిలిచిపోతే, గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందును మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. అదీ మెదడులో రక్తస్రావం లేదని స్కానింగులో తేలిన తరువాతనే.

ధమనిని తెరచి ఆ కొవ్వును తీసివేసే శస్త్రచికిత్స 1950లలో మొదలైంది. సూచనలు కనిపించి, ధమని నూటికి 70 వంతులకు పైగా పూడిపోయిన రోగులను అమెరికా, కెనడాలలో రెండేళ్లు గమనించి, ఫలితాలను 1991లో ప్రకటించారు. మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 26 మందికి ఆ వైపు పక్షవాతం వచ్చింది; శస్త్రచికిత్స జరిగినవారిలో 9 మందికి.

రెండువైపులా ఈ చికిత్స జరిగిన కొందరిలో బియ్యపు గింజ నుంచి పోయే సన్నని నరాలు తెగిపోయాయి. వారు మామూలుగానే తిరుగుతారు, మాట్లాడతారు. ఆక్సిజన్ తక్కువైన గాలిని పీల్పించి పరీక్షించినప్పుడు మాత్రం వారి శ్వాస వేగం పెరగలేదు.