సెలవులలో నా చదువు

గత ఫిబ్రవరిలో పునశ్చరణ తరగతి ముగిసిన తరువాత ప్రథమ సంవత్సరం విద్యార్థిని ఒకతె నా బల్ల దగ్గరకు వచ్చి, "మాస్టారూ, పాఠానికీ పరీక్షకూ కాకుండా, మీ కోసం మీరు ఈమధ్య ఏ పుస్తకం చదివారండీ?" అని అడిగింది. నేను తడుముకోకుండా ఒక ప్రబంధం పేరు చెప్పాను. ఆమె సంతృప్తితో వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ప్రబంధాన్ని నేను చివరిసారిగా ఆమూలాగ్రం చదివినది నా పరిశోధన కాలంలో. ఆపైన దానిని తిరగవేశానే గాని చదవలేదు. ప్రశ్నపత్రానికి పనికివచ్చే పద్యం కోసం, సభలో చెప్పదగిన చమత్కారం కోసం పుటలు తిప్పడం చదువు కాదు. ఏటా విద్యార్థులతో "పుస్తకాలు చదవండి" అని చెబుతూ వచ్చిన నేను చదవడం ఎప్పుడో మానివేశాను.

అందుచేత మే నెల సెలవులు మా కె. కోటపాడులోనే గడపాలని నిశ్చయించుకున్నాను. రెండు నియమాలు పెట్టుకున్నాను. చేతిలో కలం ఉండకూడదు. వరుసగా రెండు పుస్తకాలు ఒకే ప్రక్రియకు చెందినవి కాకూడదు. అప్పటికి చెరకు గానుగలు ఆగిపోయాయి. అనకాపల్లి బెల్లం బజారుకు వెళ్లే బళ్ల సందడి తగ్గింది. ఉదయం ఎండ ముదిరేవరకు, సాయంత్రం దీపాలు పెట్టేవరకు వీధి అరుగే నా పఠనమందిరం.

మొదట ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' చేపట్టాను. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన వీరాస్వామి 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీల మీదుగా మన ఉత్తరాంధ్ర తీరం వెంట 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడవునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు వ్రాసి పంపిన విశేషాలే 1838లో గ్రంథంగా వెలువడ్డాయి. అప్పటికి రచయిత జీవించి లేడు. ప్రబంధాలలోని పురవర్ణనలకు అలవాటు పడిన నాకు ఈ పుస్తకం మొదట రుచించలేదు. ఎక్కడ మంచినీరు దొరుకుతుంది, ఏ ఊరి అంగడిలో ఏమి లభిస్తుంది, ఏ బాట రాళ్లమయం, ఏ ఏరు దాటడం కష్టం – అంతా ఇదే. మూడవ రోజుకు గాని ఇందులోని రుచి తెలియలేదు. ప్రబంధంలోని నగరంలో మేడలు ఆకాశాన్ని తాకుతాయి. బాటసారికి దాహం వేస్తే నీరెక్కడ దొరుకుతుందో ఏ కవీ చెప్పడు. వీరాస్వామి చెబుతాడు.

నియమం ప్రకారం తరువాతిది పద్యకావ్యం. జాషువ 'గబ్బిలం' (1941) నాకు కొత్త కాదు. మేఘసందేశంతో పోలుస్తూ ఎన్నోమార్లు బోధించాను. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, జాషువ కావ్యంలోని నిరుపేద గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుని సన్నిధికి పంపుతాడు. ఇంతవరకు తరగతిలో చెప్పే మాటే. అయితే ఈసారి 'కాశీయాత్ర చరిత్ర' మూసిన మరునాడే దీనిని తెరవడం వల్ల ఒక సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంది. రెండూ కాశీయాత్రలే. ఒకరు బోయీలు మోసే సవారీలో, పరివారంతో వెళ్లి స్వామిని దర్శించుకున్నారు. మరొకరికి గుడి గడప దాటే అర్హత లేదు కనుక, గర్భగుడి కప్పుకు వేలాడగల జీవిని బతిమాలుకోవలసి వచ్చింది. ఇన్నేళ్లూ నేను ఆ కావ్యంలో సందేశకావ్య లక్షణాలను లెక్కపెట్టాను. ఆ మనిషి తానే ఎందుకు కాశీకి వెళ్లలేడన్న ప్రశ్నను మాత్రం ఒక్క వాక్యంతో దాటవేశాను. విద్యార్థులు కూడా దానిని ఒక్క వాక్యంతోనే పరీక్షలో వ్రాశారు. ఆ లోపం వారిది కాదు.

మహీధర నళినీమోహన్ 'కేలెండర్ కథ' నన్ను మరో విధంగా సిగ్గుపరచింది. ఉగాది ఏటా వేరువేరు తేదీలలో వస్తుంది. రోహిణి కార్తె మాత్రం మే 25 ప్రాంతంలోనే ప్రవేశిస్తుంది. దీనికి కారణమేమిటని నేను ఏనాడూ ఆలోచించలేదు. ఉగాది చంద్రుని గమనాన్ని అనుసరించేది. కార్తె సూర్యుడు నక్షత్రాలను దాటే లెక్క. సంవత్సరాన్ని ఇరవై ఏడు నక్షత్రాలకు పంచితే ఒక్కొక్క కార్తెకు పదమూడున్నర రోజులు వస్తాయి. సేద్యం ఎండవానలతో ముడిపడినది కాబట్టి రైతు పండుగలకు తిథినీ పంటకు కార్తెనూ పట్టుకున్నాడు. పంచాంగం దగ్గర పెట్టుకొని నేనే మరికొంత లెక్క వేశాను. నక్షత్రమానానికీ మన ఇంగ్లీషు తేదీలకూ మధ్య సుమారు డెబ్బై రెండేళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. అనగా వీరాస్వామి బయలుదేరిన ఏడు రోహిణి ఇప్పటికన్న రెండు మూడు రోజులు ముందుగా ప్రవేశించి ఉండాలి. ఆయన రోహిణి ఎండలకు ఎదురేగినట్లే! శాస్త్రగ్రంథం యాత్రాగ్రంథానికి వ్యాఖ్యానం కావడం నాకు గొప్ప వినోదమైంది.

నడుమ కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల ఒకటి ఒక్క మధ్యాహ్నంలో ముగించాను. యుగంధర్ హంతకుని పట్టుకునేవరకు మంచినీళ్లకు కూడా లేవలేదు. అట్టకు వార్తాపత్రిక తొడిగిన మాట నిజమే. డాక్టరేటు గౌరవం అంత తేలికగా పోదు. ఒక సాహిత్య విమర్శ గ్రంథం నలభయ్యవ పుట దగ్గర ఆగిపోయింది. ఇంకా అక్కడే ఉంది.

ఇక కాళీపట్నం రామారావు 'యజ్ఞం' గురించి కొంత వివరంగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో జన్మించి, విశాఖపట్నంలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని నెలకొల్పిన ఆయన 2021లో కన్నుమూశారు. ఆ కథను నేను బిగ్గరగా చదువుతుండగా మా పొరుగింటి వృద్ధ రైతు వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు. అప్పల్రాముడి అప్పు గురించి పంచాయతీలో సాగే వాదమంతా కదలకుండా విన్నాడు. ఎవరు తప్పు మాట్లాడినా నవ్వే మనిషి ఆనాడు నవ్వలేదు. ముగింపు ఏమిటో ఇక్కడ చెప్పను, మీరే చదవండి. అది విని ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "అందరూ మంచోళ్లే గదా మేష్టారూ, మరి ఆ ఇల్లెలాగ కూలిపోనాది?" అన్నాడు.

ఆ కథపై వచ్చిన విమర్శలు నేను కొన్ని చదివాను. ముగింపు ఉచితమా, అనుచితమా అన్న చర్చే నాకు గుర్తుంది. అప్పు ఇచ్చినవాడు దుష్టుడు కాడు, తీర్పు చెప్పినవాడు దుష్టుడు కాడు, ఊరు బాగుపడుతూనే ఉంది. అయినా ఒక కుటుంబం నేలకు ఒరిగింది. కథకు మూలమైన ప్రశ్నను అక్షరం రాని శ్రోత ఒక్క మాటలో పట్టుకున్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆయన తన అప్పుల సంగతి ఏదో చెప్పబోయి, మానుకొని, తువ్వాలు దులుపుకొని లేచాడు.

నెలాఖరున తిక్కన విరాటపర్వం. వానల కోసం విరాటపర్వం చదివించడం మన పల్లెల ఆచారం కనుక, నా చేతిలో ఆ పుస్తకం చూసి నలుగురు పోగయ్యారు. భారతంలో తిక్కన రచించిన పదునైదు పర్వాలలో ఇది మొదటిది. ధౌమ్యుడు పాండవులకు కొలువు ధర్మాలు బోధించే ఘట్టం నాకు కంఠస్థం. దానిని నీతిబోధగానే వివరిస్తూ వచ్చాను. 'యజ్ఞం' చదివిన తరువాత అదే ఘట్టం ఒక భయపు పాఠంగా వినిపించింది. ప్రభువు ముఖం చూచి మసలుకోవలసినవాని జాగ్రత్తలవి. రాజులు ఒక్క ఏడాది పాటు ఆ జాగ్రత్తలు నేర్చుకున్నారు. నా ఎదుట కూర్చున్నవారికి అవి పుట్టుకతోనే తెలుసు. సైరంధ్రి కష్టాలు వింటూ వారిలో ఒక స్త్రీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వాన కురవలేదు. రోహిణి కార్తెలో వానను అడగడం మా తొందరపాటే.

జూన్‌లో కళాశాల తెరిచిన రోజు ఆ విద్యార్థినిని పిలిచి, ఫిబ్రవరిలో చెప్పినది సరియైన జవాబు కాదని ఒప్పుకొని, చదివినవన్నీ చెప్పాను. ఆమె నోటు పుస్తకం చివరి పుటలో పేర్లు వ్రాసుకుంది. డిటెక్టివ్ నవల పేరు రెండుసార్లు అడిగింది. పిమ్మట తల ఎత్తి, "వీటిలో మీకు నచ్చనిది ఏదండీ?" అన్నది. నలభయ్యవ పుట దగ్గర ఆగిన పుస్తకం సంగతి కూడా చెప్పవలసి వచ్చింది.